అటక మీది అచ్చు కాగితం

గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం పేరు వినని తెలుగువాడు అరుదు. గిరీశం, మధురవాణి, రామప్పంతులు మనకు ఇరుగుపొరుగు వాళ్లే. అయితే మనం చదువుకున్నదీ, నాటకంగా చూసిందీ 1909లో వచ్చిన రెండో కూర్పు. గురజాడ వారు 1897లో అచ్చు వేయించిన మొదటి కన్యాశుల్కం వేరు. రెండోసారి ఆయన దాన్ని చాలావరకు తిరగరాశారు. కొత్తది ఊరూరా పాకింది, పాతది మరుగున పడింది. దాన్ని మళ్లీ లోకానికి చూపించింది బంగోరె అనే కలం పేరుతో రాసిన బండి గోపాలరెడ్డి గారు. 1969లో ఆయన ఆ మొదటి కూర్పును తిరిగి అచ్చు వేయించారు. ఈ రోజు రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని, ఒక మహారచయిత తన రాతను తానే ఎలా దిద్దుకున్నాడో పేజీ పేజీకీ చూడగలుగుతున్నామంటే, ఎవరో ఒకరు ఆ 1897 నాటి పుస్తకాన్ని పారేయకుండా దాచారు కాబట్టి. దాచినవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా రాసి ఉండవు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది అలాంటి వాళ్ల గురించి, వాళ్లు దాచే కాగితాల గురించి.

పాత పుస్తకాలు పోగుచేయడం డబ్బున్నవాళ్ల సరదా అని ఒక అభిప్రాయం ఉంది. తోలు అట్టలు, బంగారు అక్షరాలు, గాజు బీరువాలు గుర్తుకొస్తాయి. కోనసీమలోని మా పి.గన్నవరం చుట్టుపక్కల నేను చూసినదాన్ని బట్టి, తెలుగులో నిజంగా అరుదైనవి అణా ఖరీదు చేసినవి. కొన్నయితే ఊరికే పంచిపెట్టినవి.

మా ఊరినే తీసుకోండి. పి.గన్నవరం అనగానే అందరికీ గుర్తొచ్చేది అక్విడక్టు. కింద వైనతేయ గోదావరి, పైన నీళ్ల కాలువ. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర హయాంలో, 19వ శతాబ్దం నడుమ, 49 కమానులతో లేచిన పాత వంతెన అది. దాని పక్కనే కొత్తది 2000 సంవత్సరంలో వచ్చింది. ఆ పాత కట్టడం గురించి చదవాలంటే పుస్తకాలకు కొరత లేదు. హెన్రీ మారిస్ 1878లో గోదావరి జిల్లా మీద ఒక గ్రంథం రాశాడు. జార్జి వాల్చ్ అనే ఇంజనీరు 1896లో గోదావరి డెల్టా పనుల మీద మద్రాసులో పుస్తకం అచ్చు వేయించాడు. కాటన్ కూతురు లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను 1900లో తెచ్చింది. హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజెటీరు 1907 నాటిది. ఇవన్నీ విలువైన పుస్తకాలే. మొదటి ముద్రణ ప్రతి దొరికితే నేనూ కళ్లకద్దుకుంటాను. కానీ ఇవి పోవు. పెద్ద గ్రంథాలయాల్లో ఉన్నాయి, వీటిని పట్టించుకునే నాథులున్నారు.

పోయేది మరొకటి. అదే కమానుల పక్కన బతికిన మనవాళ్లు తమ కోసం తెలుగులో అచ్చు వేయించుకున్న కాగితం. పెళ్లి శుభలేఖ, తిరునాళ్ల నోటీసు, నాటకం కరపత్రం, రేవు పాట రసీదు, పంచాంగం, సభకు పిలుపు, ఎన్నికల కాగితం, కొబ్బరికాయల కొట్టువాడి బిల్లు. కమాను ఎన్ని అడుగులుందో ఇంజనీరు పుస్తకం చెబుతుంది. ఆ ఏడు ఊళ్లో ఏ నాటకం ఆడారో, కృష్ణుడి వేషానికి ఏ ఊరి నటుణ్ణి పిలిపించారో, నేల టిక్కెట్టు ఎంతో చెప్పేది మాత్రం ఈ కాగితమే. మర్నాడు పొద్దున్న పకోడీల పొట్లంగా మారిపోయిందీ ఇదే.

నా దగ్గర ఒక నాటకం నోటీసు ఉంది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు, పల్చని గులాబీరంగు కాగితం. మడతలు పడ్డచోట చిరిగి వెలుగు కనిపిస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో నాటకం పేరు. ఆ పేరుకు వాడిన అచ్చులు చెక్కవి. ఒక అక్షరానికి మూల విరిగి ఉంది, అచ్చులోనూ ఆ మూల తెల్లగా పడింది. దాని కింద వరసగా పాత్రలు, నటుల పేర్లు, ఎవరికి ఏ పతకం వచ్చిందో. హార్మోనిస్టు పేరు కథానాయకుడి పేరుకు దీటుగా వేశారు. ఆ రోజుల్లో పద్యం నిలబెట్టేది హార్మోనియమని దాన్నిబట్టే తెలుస్తుంది. కింద కుర్చీ, బెంచీ, నేల అని మూడు తరగతులు, వాటి ధరలు. స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు అని ఒక వాక్యం. పెట్రోమాక్సు దీపాలు ఏర్పాటు చేశామని మరో వాక్యం. అప్పట్లో అది జనాన్ని రప్పించే ఆకర్షణ. అన్నిటికంటే కింద, చీమతలకాయంత అక్షరాల్లో, ప్రెస్సు పేరు. వెనక్కి తిప్పితే పెన్సిలుతో ఎవరో వేసిన కిరాణా లెక్క, కందిపప్పు, చింతపండు, కిరసనాయిలు. ఆ లెక్క వల్లే ఈ కాగితం మిగిలింది. నాటకం కోసం దాన్ని ఎవరూ దాచలేదు.

ఇలాంటి కాగితం చేతికొచ్చినప్పుడు మొదటి చిక్కు అది ఏ సంవత్సరానిదో తేల్చడం. చాలావాటి మీద క్రీస్తుశకం ఉండదు. తెలుగు సంవత్సరం పేరు మాత్రం ఉంటుంది. తెలుగు సంవత్సరాలు అరవై కాబట్టి అదే పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. ఉదాహరణకు ఒక చిన్న శతకం పుస్తకం మీద రుధిరోద్గారి నామ సంవత్సరం అని ఉందనుకోండి. అది 1863 కావచ్చు, 1923 కావచ్చు, 1983 కావచ్చు. వెల చూడాలి. ఆరణాలు అని ఉంటే 1983 కొట్టివేయవచ్చు, ఎందుకంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాక అణాలు పోయాయి. తర్వాత చిరునామా చూడాలి. ఉత్త గోదావరి జిల్లా అని ఉంటే అది 1925కు ముందుది. ఆ సంవత్సరమే తూర్పు, పశ్చిమ గోదావరులు వేరయ్యాయి. ఇక మిగిలినవి 1863, 1923. లోపలి పేజీలో రచయిత ఫోటో ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. 1863 నాటికి ఫోటోను బ్లాకు చేసి అక్షరాలతో పాటు అచ్చు వేసే పద్ధతి ఇంకా రాలేదు. కాబట్టి అది 1923-24 నాటి పుస్తకం. అరసున్నలు, బండి ఱలు, వలపల గిలక, ఇవన్నీ కూడా కాలాన్ని పట్టిస్తాయి. ఈ తేల్చే పనిలో ఉన్న ఆనందం నాకు కొనే పనిలో లేదు.

ఇంకో విషయం చెప్పాలి. 1867లో పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం వచ్చింది. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రభుత్వానికి దాఖలు చేయాల్సి ఉండేది. మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకొకసారి వాటి జాబితాను గెజెట్‌లో ప్రకటించేది. అలా చేరిన వాటిలో కొన్ని లండను దాకా వెళ్లాయి. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ అనే పండితుడు 1912లో ప్రత్యేకంగా ఒక కేటలాగు తయారు చేశాడు. మన కాకినాడలో, రాజమండ్రిలో, ఏలూరులో అచ్చయిన చిన్నచిన్న పుస్తకాలు ఇక్కడ దొరక్కపోయినా అక్కడ ఉండే అవకాశం అందువల్లే. కానీ శుభలేఖలనూ, నాటకం నోటీసులనూ, పడవ రసీదులనూ ఎవరూ దాఖలు చేయించుకోలేదు. వాటికి లండను లేదు. మన అటకే దిక్కు.

సినిమా పాటల పుస్తకాల సంగతి మీలో పెద్దవాళ్లకు తెలుసు. హాలు దగ్గర అమ్మేవారు. కథ సగం చెప్పి మిగతా వెండితెరపై చూడండి అని ఆపేవారు. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. ఆ దశాబ్దంలో వచ్చిన చిత్రాల్లో చాలావాటి ఫిల్ములు ఇప్పుడు లేవు. ఆ సినిమాలో ఎన్ని పాటలున్నాయి, ఎవరు పాడారు, కథ ఏ మలుపు తిరిగింది అన్నదానికి మిగిలిన సాక్ష్యం ఆ పల్చని పుస్తకం. సినిమా పోయింది, పాటల పుస్తకం మిగిలింది.

అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. పెద్ద ఇళ్లవాళ్ల చరిత్ర దస్తావేజుల్లో, శాసనాల్లో, వంశావళుల్లో ఎలాగో ఒకలా ఉంటుంది. పేదవాడి చరిత్ర ఉండేది ఈ కాగితాల్లోనే. 1920ల మొదట్లో గరిమెళ్ల సత్యనారాయణ గారు మాకొద్దీ తెల్లదొరతనము అని పాడితే, రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు మాకొద్దీ నల్లదొరతనము అని అంటరానితనం అనుభవించేవాళ్ల పక్షాన పాట కట్టారు. అలాంటి పాటలు తోలు అట్టల పుస్తకాల్లో రాలేదు, చవక కాగితం మీద చేతులు మారాయి. మా పక్కనే ఉన్న మామిడికుదురులో 1911లో బోయి భీమన్న గారు పుట్టారు. ఈ నేల మీద దళితులు పెట్టుకున్న సభలెన్నో, తెరిచిన హాస్టళ్లెన్నో, కూలిరేట్ల కోసం పంచిన నోటీసులెన్నో. ఆ నోటీసు ఒక్కటి దొరికితే చాలు, ఆ రోజు సభకు ఎవరెవరు వచ్చారో, ఏమడిగారో తెలుస్తుంది. కోనసీమలో పాత కాగితాలు వెతికేవాళ్లు మేడలున్న వీధులతో ఆగిపోకూడదని అందుకే అంటాను. పేటల్లో, లంకల్లో, చర్చి పెట్టెల్లో, సంఘం ఆఫీసు బల్ల సొరుగుల్లో చూడాలి.

మన ప్రాంతానికి ఈ దాచే పనిలో మంచి వారసత్వమే ఉంది. ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులు గారు 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించారు. తర్వాత అది కాకినాడ చేరింది. ఊరూరా తాళపత్రాలు సేకరించడం ఆ పరిషత్తు చేసిన గొప్ప పని. వాడుక భాషను వ్యతిరేకించిన పంతులు గారి పట్టుదలతో నేను ఏకీభవించను. కానీ ఆ తాటాకులను చెదల నోటినుంచి తప్పించినందుకు ఆయనకు తెలుగుజాతి రుణపడే ఉంటుంది. రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు 1898లో పిల్లవాడిగా ఉన్నప్పుడే వసురాయ గ్రంథాలయం పెట్టారు. ఇవాళ్టి గౌతమీ గ్రంథాలయానికి అది ఒక మూలం. గుంటూరు సీమలో 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపి పెదవడ్లపూడి నుంచి పెదపులివర్రు దాకా పుస్తకాలు అందించారు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికల సంపుటాలకు పేరు. 1929లో గాంధీగారు అక్కడికి వచ్చారు. ఒక పల్లెటూరు పూనుకుంటే ఎంత చేయగలదో చూడాలనుకునేవాళ్లు వేటపాలెం వెళ్లి చూడాలి.

వీళ్లందరిదీ ఎక్కువగా పుస్తకాల మీద, పత్రికల మీద, తాళపత్రాల మీద దృష్టి. చిల్లర కాగితాన్ని కూడా అంతే శ్రద్ధగా పట్టుకున్నవాడు పొరుగు తమిళనాడులో ఉండేవాడు. కోట్టయ్యూరుకు చెందిన రోజా ముత్తయ్య చెట్టియారు. పుస్తకాలతో పాటు నాటకం నోటీసులు, శుభలేఖలు, పాటల పుస్తకాలు, ఏది కనిపిస్తే అది పోగుచేశాడు. 1992లో ఆయన పోయాక చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణ మొత్తాన్ని కొని, అమెరికాకు తరలించకుండా చెన్నైలో ఉంచింది. అదే రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం. తమిళ సమాజ చరిత్ర మీద పనిచేసేవాళ్లు ఇవాళ దాని గడప తొక్కకుండా ఉండలేరు. తెలుగు నోటీసులకూ, తెలుగు శుభలేఖలకూ అలాంటి చోటు కావాలని నా కోరిక.

ఇక మన వాతావరణం. ఏడాదిలో సగం రోజులు తేమ. కొబ్బరితోట మధ్య ఇల్లు, పెంకుల మీద చెట్టు నీడ, గోడకు ఆనించిన బీరువా. చెదలకు ఇంతకంటే ఏం కావాలి. 1986 వరదలో గోదావరి ఊళ్లలోకి వచ్చింది. 1996 నవంబరు తుపాను కొబ్బరిచెట్లతో పాటు ఇళ్ల కప్పులూ లేపేసింది. 2022 జూలైలో లంక గ్రామాలు మళ్లీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రాణం దక్కితే చాలనుకునే వేళ కాగితం గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆలోచించలేదని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అందుకే వరద రానప్పుడే చేయాల్సిన పని ఇది.

నా అనుభవంలో పనికొచ్చినవి కొన్ని చెబుతాను. పాత కాగితానికి సెల్లోటేపు అంటించకండి. నాలుగేళ్లలో జిగురు గోధుమరంగుకు తిరిగి అక్షరాన్ని తినేస్తుంది. లామినేషను అసలే వద్దు. ఒకసారి చేస్తే కాగితాన్ని మళ్లీ విడదీయలేం. చిరుగు అతకాలంటే నీళ్లలో ఉడికించిన పల్చని మైదా జిగురు, పల్చని మంచి కాగితం చాలు. ఆరబెట్టేది నీడన, ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది. బీరువా గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి, కింద అరను నేలకు ఎత్తుగా ఉంచండి. కలరా ఉండలు పుస్తకాలకు తగలకుండా గుడ్డలో కట్టి మూల వేయండి. పాతవాళ్లు వేపాకూ వసకొమ్మూ పెట్టేవారు, మంచిదే, కానీ ఆకు ఎండి పొడి కాకముందే మార్చాలి. పుస్తకం తడిస్తే పేజీలు బలవంతాన విడదీయకండి. పలచగా తడిసినదైతే పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. బాగా నానినది వెంటనే ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజరులో ఉంచితే బూజు పట్టకుండా ఆగుతుంది. తీరిగ్గా తర్వాత ఆరబెట్టుకోవచ్చు.

సేకరించేవాళ్లకు ఒక మాట. ఏ కాగితం ఎక్కడ దొరికిందో రాసి పెట్టుకోండి. ఏ ఊరు, ఏ ఇల్లు, ఏ పెట్టె, దాంతోపాటు ఇంకా ఏమున్నాయి. కాగితం మీద కాకుండా విడిగా ఒక చీటీ మీద, పెన్సిలుతో రాయండి. ఆ నాలుగు మాటలు లేకపోతే సగం చరిత్ర పోయినట్టే. ఒక ఇంటి కట్టను విడగొట్టి తలా ఒకటి అమ్మడం, పుస్తకంలోంచి మ్యాపు చింపి విడిగా బేరం పెట్టడం నేను దొంగతనంతో సమానంగా చూస్తాను. గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకం సంతలో కనిపిస్తే, అది తొలగించిన ప్రతో కాదో అడిగి తెలుసుకున్నాకే ముట్టుకోవాలి. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులనూ, దస్తావేజులనూ అనుమతి లేకుండా దేశం దాటించడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం.

దాచినది నలుగురికీ అందాలి. బీరువాకు తాళం వేసి మురిసిపోయేవాడి దగ్గర కాగితం బతికి ఉన్నా లేనట్టే. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టే పని కొన్నేళ్లుగా జరుగుతోంది. మనసు ఫౌండేషన్ లాంటి సంస్థలు చేస్తున్న కృషి చిన్నది కాదు. చేతిలోని ఫోనుతో తీసిన మంచి ఫోటో కూడా ఏమీ లేనిదానికంటే వెయ్యి రెట్లు నయం. అసలు కాగితం మీ ఇంట్లోనే ఉండనివ్వండి, దాని నకలు మాత్రం ఊరు దాటనివ్వండి.

ఇంకా వెతకాల్సినవీ ఉన్నాయి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. 1940లో, యుద్ధం రోజుల్లో, పట్టాలు పీకేశారు. మళ్లీ రైలు నడవడానికి 2004 దాకా పట్టింది. ఆ మొదటి పన్నెండేళ్ల రైలెక్కి, కోటిపల్లి రేవులో పడవ దాటి కోనసీమకు వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు మన మధ్య ఉన్నారు. ఆ రైలు టిక్కెట్టు ముక్కో, టైముల పట్టికో ఎవరి తాతగారి పెట్టె అడుగునైనా ఉండే ఉంటుందని నా నమ్మకం.

అందుకే మీకు నా విన్నపం. సంక్రాంతికి ఇల్లు దులుపుతారు. పాత సామాను భోగిమంటకు చేరుతుంది. చిరిగిన పురాణాలనూ, పంచాంగాలనూ పారేయడానికి మనసొప్పక గోదాట్లో కలుపుతారు. పాత మండువా ఇల్లు విప్పి డాబా వేసేటప్పుడు అటక మీదవన్నీ తట్టల కొద్దీ పెంటకుప్ప మీదికి వెళతాయి. ఆ పని చేసేముందు ఒక్క పూట ఆగండి. అచ్చు ఉన్న ప్రతి కాగితాన్నీ విప్పి చూడండి. మీకు అర్థం కాకపోతే మీ ఊరి లైబ్రేరియనుకో, తెలుగు మాస్టారికో చూపించండి. పంచాంగం అంచున మీ ముత్తాత రాసుకున్న పుట్టినరోజులూ, వరద వచ్చిన తేదీలూ, దింపు కాయల లెక్కలూ ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. పనికిరాదని తేల్చేవరకు ఏదీ మంటలో వేయకండి.